ముందు సెల్లు, ఆ తరవాతే లైటు

ఇప్పపూలు రాలే కాలంలో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పల్లెలు తెల్లవారకముందే లేస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో జగదల్‌పూర్ నుంచి దర్భ వైపు వెళ్తూ నాలుగు గంటల వేళ బండి ఆపి చూస్తే, చెట్ల కింద చిన్న చిన్న వెలుగులు నేలను తడుముతూ కనిపిస్తాయి. పువ్వు రాత్రి చివరి జాములో రాలుతుంది. పొద్దెక్కితే పశువుల పాలు, అంతకన్నా ముందే ఎలుగుబంటి పాలు. మనిషికీ ఎలుగుకీ ఒకే చెట్టు కింద ఒకే వేళలో పని పడుతుంది. అందుకని ఆ చేతిలైటుకు రెండు బాధ్యతలు. కాళ్ల దగ్గర పువ్వునూ ఎండుటాకుల్లో పామునూ చూపించాలి. అటు దూరంగా కదిలిన నల్లటి ఆకారం పొదో జంతువో తేల్చి చెప్పాలి.

టార్చిలైట్ల గురించి సలహాలిచ్చేవాళ్లలో చాలామందికి చీకటి వీధి దీపం దగ్గరే అయిపోతుంది. వాళ్లకు లైటంటే సరదా, మహా అయితే కరెంటు పోయినప్పుడు వెతుక్కునే వస్తువు. ఎన్ని ల్యూమెన్లు (అంటే మొత్తం ఎంత వెలుగు), ఎంత దూరం అన్న దగ్గరే వాళ్ల లెక్క మొదలై అక్కడే ముగుస్తుంది. బస్తర్‌లో ఆ లెక్క తిరగబడుతుంది. కొంటాలో తెలుగు మాట్లాడే ఒక దుకాణదారుకు నేను మురిసిపోతూ కొత్త లైటు చూపిస్తే, అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలిగించైనా చూడకుండా ఒకటే అడిగాడు: "బాగనే ఉంది గానీ సారూ, దీని సెల్లు పోతే ఏడ దొరుకుద్ది?" ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

కొంటా, భోపాల్‌పట్నం వైపు ఇప్పటికీ చాలామంది దీన్ని బ్యాటరీ లైటనే అంటారు. ఆ పేరే సరైనదని నా అభిప్రాయం. బ్యాటరీ ఎలాంటిదో లైటు అలాంటిదే. ఈ వస్తువు పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. 1899 జనవరిలో అమెరికాలో డేవిడ్ మైసెల్ పేరిట గొట్టం ఆకారపు చేతిలైటుకు పేటెంటు వచ్చింది. కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ దాన్ని అమ్మింది. ఎవరెడీ అన్న పేరు ఆ కంపెనీ నుంచి వచ్చిందే. అప్పటి కార్బన్ తీగ బల్బు, అప్పటి నీరసపు సెల్లు కలిస్తే లైటు నిలకడగా వెలిగేది కాదు. క్షణం వెలిగించి, ఆపి, సెల్లుకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వాలి. మెరుపులా వెలిగి ఆరేది కాబట్టే ఇంగ్లిషులో దానికి ఫ్లాష్‌లైట్ అన్న పేరు పడింది. అంటే సెల్లు లోపమే పేరుగా నిలిచిపోయింది.

మన దేశంలో రెండు మూడు తరాలకు టార్చి అంటే ఇత్తడి గొట్టమో, గీతలు చెక్కి తళతళలాడే రేకు గొట్టమో. ఎవరెడీ జీవన్ సాథీ, అలహాబాద్‌లో తయారైన జీప్ లైట్లు పెళ్లి కానుకల జాబితాలో ఉండేవి. సెల్లుల్లో మన తెలుగువాళ్లకు నిప్పో సొంతపేరు లాంటిది. 1972లో మొదలైన ఇండో నేషనల్ కంపెనీ జపాన్ మత్సుషితా సహకారంతో నెల్లూరులో వాటిని తయారుచేసింది. రెండు సెల్లుల లైటు ఇంటికి, మూడు సెల్లులది పొలానికి, అయిదు సెల్లులది షావుకారుకి. లైటు పొడవును బట్టి మనిషి అంతస్తు తెలిసేది.

ఆ లైట్ల వెలుగు ఎంతో ఇప్పుడు లెక్కగడితే నవ్వొస్తుంది. రెండు సెల్లుల లైటులో మామూలు తీగ బల్బు ఇచ్చేది పది ల్యూమెన్ల చుట్టూ. ఇవాళ మన ఫోను వెనక ఉన్న చుక్కే అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. అయినా ఆ లైట్లతోనే జనం అడవి దాటారు, చెరువుగట్లు కాశారు. కారణం మూడు. వెలుగు పసుపుపచ్చగా, కంటికి హాయిగా ఉండేది. చీకటికి అలవాటుపడిన కంటిని చెదరగొట్టేది కాదు. అన్నిటికీ మించి, పాడైన ప్రతి ముక్కా సంతలో దొరికేది. బల్బు మాడితే కొత్త బల్బు. అదనపు బల్బు ఒకటి మూత లోపల స్ప్రింగు మధ్య దాచుకునే చోటు కూడా కొన్నిటికి ఉండేది. స్విచ్చి లూజైతే రేకు ముక్క వంచి పెట్టేవాళ్లు. అద్దం పగిలితే పగిలినట్టే వాడేవాళ్లు.

సెల్లు బలహీనపడితే ఎండలో పెట్టడం ఆ రోజుల్లో ప్రతి ఇంటి అరుగు మీదా కనిపించిన దృశ్యం. అది వట్టి భ్రమ కాదు. వేడికి లోపలి రసాయన చర్య చురుకవుతుంది, పేరుకున్న పదార్థం కాస్త సర్దుకుంటుంది, మరో రాత్రికి సరిపడా ఊపిరి వస్తుంది. రెండు సెల్లుల లైటు పెట్టెలో దాచేటప్పుడు ఒక సెల్లును తలకిందులుగా వేయడమూ అలాంటి తెలివే. చేయి తగిలి స్విచ్చి పడినా సెల్లు ఖర్చు కాదు. ఈ రెండు అలవాట్లనూ ఇప్పుడు ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే, లిథియం సెల్లుతో ఈ పనులు చేస్తే చేయి కాలుతుంది. తాతగారి తెలివి ఆయన సెల్లుకే పనికొస్తుంది.

ఎల్‌ఈడీ వచ్చాక బల్బు అనే సమస్య దాదాపు మాయమైంది. 1990ల తొలినాళ్లలో షూజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని సాధించాడు. నీలి వెలుగుకు పసుపు పూత జోడిస్తే తెల్ల వెలుగు వచ్చింది. ఆ కృషికే 2014లో అకసాకి, అమానోలతో పాటు అతనికి భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మాడిపోయే తీగ లేదు, కింద పడితే తెగిపోయేదీ లేదు. ఒక వాట్‌కు వంద ల్యూమెన్లు రావడం ఇప్పుడు మామూలు సంగతి. కానీ బల్బు సమస్య తీరిన చోటనే కొత్త తిప్పలు మొదలయ్యాయి. లైటు పెట్టె మీది అంకెలు అబద్ధమాడడం నేర్చుకున్నాయి. సెల్లు లైటులోపలికి దూరి తలుపు వేసుకుంది.

ముందు అంకెల సంగతి. 2009లో అమెరికన్ తయారీదారులు ఎఫ్‌ఎల్ 1 అనే ప్రమాణం తెచ్చారు. మంచి కంపెనీల లైట్ల పెట్టెల మీద చిన్న చిన్న బొమ్మలతో కనిపించేవి ఆ ప్రమాణం ప్రకారం కొలిచిన విలువలే. వాటిని చదవడం తెలిస్తే సగం మోసం తప్పుతుంది. దూరం అన్న బొమ్మ పక్కన 200 మీటర్లు అని ఉంటే, 200 మీటర్ల దగ్గర ఆ లైటు వెలుగు పున్నమి వెన్నెలంత పడుతుందని అర్థం, అంటే 0.25 లక్స్. వెన్నెల్లో దూరంగా ఉన్నది ఎద్దో ఎలుగో మనం గుర్తుపట్టలేం కదా. కాబట్టి ఆ దూరంలో సగమే పనికొచ్చే దూరమనుకోవాలి. కిరణం తీవ్రతను చెప్పే క్యాండెలా ఇచ్చి దూరం ఇవ్వకపోతే లెక్క సులువు: క్యాండెలాను నాలుగుతో హెచ్చించి వర్గమూలం తీస్తే మీటర్లు వస్తాయి. 2,500 క్యాండెలాకు 100 మీటర్లు, 10,000కు 200. దూరం రెట్టింపు కావాలంటే వెలుగు నాలుగింతలు కావాలన్నమాట. పెద్ద అంకెకు పెద్ద డబ్బు పెట్టేముందు ఈ నాలుగింతలు గుర్తుంటే చాలు.

వెలిగే సమయం అన్న అంకె ఇంకా మాయలాడిది. ఆ ప్రమాణం ప్రకారం లైటు తన మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయే దాకా పట్టిన సమయాన్నే వెలిగే సమయంగా రాసుకోవచ్చు. 1,000 ల్యూమెన్లు, 3 గంటలు అని చదివి మూడు గంటలూ వెయ్యి వస్తాయనుకుంటాం. చిన్న లెక్క వేసి చూడండి. వెయ్యి ల్యూమెన్లకు దాదాపు పది వాట్లు కావాలి. మంచి 18650 సెల్లులో ఉండే మొత్తం శక్తి పది పన్నెండు వాట్-గంటలు. అంటే గంట, అదీ లైటు కాగకపోతే. అరచేతిలో పట్టేంత లైటు ఆ వేడిని భరించలేదు. కొద్ది నిమిషాల్లోనే తనంతట తాను తగ్గించుకుని మూడు నాలుగు వందల దగ్గర సర్దుకుంటుంది. పెట్టె మీది వెయ్యి, పెళ్లిచూపుల నాటి చీర లాంటిది. మర్నాటి నుంచి కట్టేది వేరే.

ఇది ప్రమాణం పాటించే కంపెనీల సంగతి. తోకాపాల్, లోహండీగూడ, దర్భ లాంటి సంతల్లో ప్లాస్టిక్ పట్టా మీద కుప్పపోసి అమ్మే లైట్లకు ఏ ప్రమాణమూ లేదు. వాటి మీద లక్ష ల్యూమెన్లని రాసి ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం, సెల్లు. ఇక్కడ కాస్త నిదానంగా నడుద్దాం.

బస్తర్ సంతల్లో దొరికే లైట్లలో ఒక పెద్ద తెగ వెనక రెండు పిన్నులు బయటికి లాగి నేరుగా ప్లగ్గులో గుచ్చేది. లోపల 4 వోల్టుల సీసం బ్యాటరీ ఉంటుంది. చూడ్డానికి ఎంతో సౌకర్యం. కానీ సీసం బ్యాటరీకి ఒక జబ్బు ఉంది. ఖాళీ కడుపుతో వదిలేస్తే లోపల గట్టి పొర కట్టి మళ్లీ ఛార్జి పట్టదు. కరెంటు రోజుల తరబడి పోయే ఊళ్లో ఖాళీగా వదిలేయడం తప్పదు. ఒక్క వానాకాలం తిరిగేసరికి లైటు చచ్చిపోతుంది. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. వీటిలో చాలావాటికి లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక కెపాసిటర్ మాత్రమే కరెంటును తగ్గిస్తుంది. అంటే ప్లగ్గులో ఉన్నంతసేపూ లోపలి తీగలన్నీ మెయిన్ లైనుతో కలిసే ఉంటాయి. పగిలిన లైటును, తడిసిన లైటును ఛార్జింగ్‌లో ఉండగా పట్టుకుంటే షాకు కొడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ తెగ లైటు ఉంటే ఛార్జింగ్ అయ్యాక ప్లగ్గు నుంచి తీశాకే ముట్టుకోనివ్వాలి. నన్నడిగితే ఈ తెగను కొననే వద్దు.

రెండో తెగ కొత్తది: యూఎస్‌బీ తీగతో ఛార్జి అయ్యే, విప్పడానికి వీల్లేని చిన్న లైట్లు. సోలార్ పలక ఉన్న ఇంటికి ఇవి బాగా నప్పుతాయి. ఛత్తీస్‌గఢ్ పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా పుణ్యమా అని తీగ చేరని ఊళ్లలో కూడా సోలార్ వచ్చింది. ఫోను ఛార్జి అయ్యే చోట లైటూ ఛార్జి అవుతుంది. నేనూ ఒకటి కొన్నాను. పేరు చెప్పను గానీ తక్కువ ధరదేమీ కాదు. పదిహేను నెలలు బంగారంలా పనిచేసింది. తరవాత లోపలి సెల్లు ఉబ్బింది. జిగురుతో అతికించిన తల ఊడదీయబోతే అద్దం పగిలింది. ఎల్‌ఈడీ ఇంకా పదేళ్లు వెలిగేదే, గొట్టం మీద గీత కూడా పడలేదు. నూరేళ్ల మనిషికి ఏడాది గుండె పెట్టినట్టు. ఇలాంటి లైట్లలో కొన్నిటికి ఇంకో చిన్న రోగం ఉంది: రెండు వైపులా సి రకం పిన్ను ఉన్న తీగ పెడితే ఛార్జి ఎక్కదు, పాత మాదిరి వెడల్పు పిన్ను తీగే కావాలి. లోపల ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకుండా డబ్బు మిగుల్చుకున్న పుణ్యం. లైటు పాడైందని పారేసేముందు తీగ మార్చి చూడాలి.

మూడో తెగ, విప్పి సెల్లు మార్చుకోగల లైట్లు. నా ఓటు వీటికే. వీటిలోనూ రెండు దారులు.

ఒకటి పెన్ను సెల్లు దారి. డబుల్ ఏ అని పిలిచే ఈ సెల్లు గోడగడియారంలో, రేడియోలో వాడేదే. ఏ మారుమూల సంతలోనైనా దొరుకుతుంది. మామూలు జింకు సెల్లులో బయటి జింకు డబ్బానే రసాయనానికి ఆహారం. సెల్లు ఖర్చయ్యేకొద్దీ డబ్బా తినబడి చిల్లుపడి కారుతుంది. ఆల్కలైన్ సెల్లు ఎక్కువ కాలం వస్తుంది గానీ అదీ కారుతుంది, తెల్లటి పొడిగా పేరుకుంటుంది. ఆ పొడి క్షార గుణం కలది కాబట్టి నిమ్మరసమో చింతపండు రసమో దూదితో అద్ది తుడిస్తే పోతుంది. ఇత్తడి చెంబులు తోమిన చేతులకు కొత్త విద్యేం కాదు. చేతికి తగలకుండా చూసుకుని, ఆ తరవాత లైటును పూర్తిగా ఆరబెట్టాలి. ఈ గొడవంతా వద్దనుకుంటే నికెల్ రకం రీఛార్జబుల్ పెన్ను సెల్లులున్నాయి. 2005లో సాన్యో తెచ్చిన ఎనెలూప్ రకం సెల్లులు ఛార్జి చేసి నెలల తరబడి అరలో పెట్టినా చాలావరకు నిలుపుకుంటాయి, వందల సార్లు ఛార్జి అవుతాయి, కారడం అరుదు. ఛార్జి అయిపోయి సంత రోజు వచ్చిందా, మామూలు సెల్లు కొని వేసుకోవచ్చు. రెండు వైపులా దారి ఉండడమే దీని బలం. వెలుగు వందా రెండు వందల ల్యూమెన్లు మించదు. ఇప్పచెట్టు కింద అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

రెండోది 18650 దారి. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న లిథియం సెల్లు ఇది. దాని పేరే దాని కొలత. ఒక్క సెల్లు నాలుగైదు పెన్ను సెల్లుల శక్తిని మోస్తుంది. రాత్రంతా తిరిగేవాళ్లకు, దూరం చూడాల్సినవాళ్లకు ఇదే సరైనది. కానీ మోసమంతా ఇక్కడే ఉంది. సంతలో, ఆన్‌లైన్‌లో 9,900 ఎంఏహెచ్ అని రాసి అమ్మే సెల్లులు పచ్చి అబద్ధం. ఈ కొలత సెల్లుల్లో నమ్మదగ్గ పై హద్దు 3,500 చుట్టూ ఉంటుంది. 9,900 అని రాసిన దానిలో పదో వంతు ఉంటే గొప్ప. కనిపెట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. మంచి సెల్లు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది, దొంగ సెల్లు చాలా తేలిక. సంతలో ఉల్లిపాయలు తూచే త్రాసే సాక్ష్యం చెప్తుంది. సెల్లు మీద ఐఎస్ 16046 అన్న భారతీయ ప్రమాణం గుర్తు ఉందేమో చూడాలి. లోపల రక్షణ సర్క్యూట్ ఉన్నది కొంటే మరీ ఖాళీ అయినప్పుడు తనే ఆగుతుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి తీసిన సెల్లులు చవకగా వస్తాయి. అమ్మేవాడికి కూడా వాటి వయసు తెలియదు, నేనైతే వద్దంటాను.

లిథియం సెల్లును 45 డిగ్రీలకు మించిన వేడిలో ఛార్జి చేయకూడదు. మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద సోలార్ పలక పక్కనే పెట్టి ఛార్జి చేయడం అంటే సెల్లు ఆయుష్షును మనమే కోసేయడం. పలక ఎండలో, సెల్లు నీడలో ఉండాలి. జీప్ డాష్‌బోర్డు మీద వదిలేయకూడదు. జేబులో తాళం చెవులతో, చిల్లర నాణేలతో కలిపి వేసుకుంటే మంటే. విశాఖపట్నం నుంచి విమానం ఎక్కేవాళ్లు విడి సెల్లులను చేతిసంచిలోనే పెట్టుకోవాలి, సరకులో వేయనివ్వరు.

కాబట్టి ఎవరికేది? వారానికొక సంత, నెలకొకసారి పట్నం అన్నట్టు బతికే ఇంటికి పెన్ను సెల్లు లైటు. జగదల్‌పూర్ గోల్ బజార్ అందుబాటులో ఉండి, మంచి ఛార్జర్ పెట్టుకోగలిగినవాళ్లకు 18650. రెండూ కుదిరితే రెండూ, ఎందుకంటే చీకట్లో ఒక లైటు ఆరిపోతే దాన్ని బాగుచేయడానికి ఇంకో లైటు కావాలి.

వెలుగు రంగు గురించి మనవాళ్లు దాదాపు పట్టించుకోరు. బస్తర్ ఎర్రమట్టి మీద మాత్రం అదే ప్రాణం మీదికి తెచ్చే విషయం. సంతలో దొరికే లైట్లన్నీ నీలం కలిసిన తెలుపు, 6,500 కెల్విన్ చుట్టూ. ఆ వెలుగులో ఎరుపు, గోధుమ రంగులు బూడిదలా చప్పబడిపోతాయి. సాల చెట్ల ఎండుటాకులు గోధుమ రంగు, రక్తపింజర గోధుమ రంగు, దాని ఒంటి మీది గొలుసు మచ్చలు కూడా ముదురు గోధుమ రంగే. 4,000 కెల్విన్ చుట్టూ ఉన్న, రంగులను నమ్మకంగా చూపే ఎల్‌ఈడీ అయితే ఆకు వేరు, పొలుసు వేరు అని కన్ను పట్టేస్తుంది. పెట్టె మీద సీఆర్‌ఐ 90 అని ఉంటే ఆ జాతిదే. దానివల్ల ల్యూమెన్లు కొంత తగ్గుతాయి, తగ్గనివ్వండి.

ఇది భయపెట్టడానికి చెప్పేది కాదు. 2020లో ఈలైఫ్ పత్రికలో వచ్చిన అధ్యయనం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు దాదాపు 12 లక్షల మంది అని లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58,000. అందులో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. ఎక్కువ భారం మోసిన రాష్ట్రాల్లో తెలంగాణ కలిసిన ఆంధ్రప్రదేశ్ ఒకటి, బస్తర్‌కు పొరుగునున్న ఒడిశా మరొకటి. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకొచ్చి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు నొప్పి తెలియదు కూడా. కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైన లైటు అడవికి తీసుకెళ్లేది కాదు, తలగడ పక్కన ఉండేది. దానికి దూరం అక్కర్లేదు. చీకట్లో చేయి పెట్టగానే దొరకాలి, మొదటి నొక్కుకే చిన్న వెలుగుతో వెలగాలి. మూడు నొక్కుల తరవాత గానీ తగ్గని వెలుగు, మధ్యలో ఎస్ఓఎస్, మిణుకు మిణుకులు, ఇవన్నీ నడిరాత్రి శత్రువులు. కన్ను పూర్తిగా చీకటికి అలవాటుపడడానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. వెయ్యి ల్యూమెన్ల ఒక్క నొక్కు దాన్ని క్షణంలో చెరిపేస్తుంది.

కిరణం తీరు కూడా అంతే. సన్నగా, దూరంగా పోయే కిరణం పడవ మీద, బండ మీద నిలబడి చూసేవాడికి. నడిచేవాడికి వెడల్పుగా పరుచుకునే వెలుగు కావాలి. ఇప్పపూలు ఏరడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి తలకు కట్టుకునే లైటు మేలు. దానికీ ఒక చిక్కుంది: శీతాకాలం కేశ్‌కాల్ ఘాట్ మీద పొగమంచులో, లేదా జోరువానలో తలలైటు వేస్తే ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. వెలుగు కంటి పక్కనుంచే బయల్దేరి నీటి బిందువులకు తగిలి నేరుగా కంట్లోకే వస్తుంది. అదే లైటు తీసి నడుం దగ్గర పట్టుకుంటే దారి తెలుస్తుంది.

బస్తర్‌లో లైటు పట్టుకునే పద్ధతికి ఇంకో కారణం కూడా ఉంది. ఏళ్ల తరబడి రెండు వైపులా తుపాకులున్న నేల ఇది. రాత్రి దూరానికి లైటు కొట్టడం మర్యాద కాదు, క్షేమమూ కాదు. కిరణం కాళ్ల మీదే ఉండాలి.

తడి, దెబ్బ గురించి క్లుప్తంగా. ఏటా 1,300 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే చోట ఐపీఎక్స్4 అంటే చినుకులకు ఓర్చుకోవడమే. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. వాగు దాటేవాళ్లు రెండోదానికి తక్కువ తీసుకోకూడదు. ఈ రక్షణంతా మూత దగ్గరున్న రబ్బరు వలయం దయ. ఆర్నెల్లకొకసారి సిలికాన్ గ్రీజు రాయాలి. కొబ్బరినూనె, వాహనాల గ్రీజు రాస్తే కొన్ని రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. ఎఫ్‌ఎల్ 1లో దెబ్బ పరీక్ష కాంక్రీటు మీద మీటరు ఎత్తు నుంచి పడేయడం. ఇప్పచెట్టు ఎక్కి కొమ్మలు కొట్టేవాడికి మీటరు ఏం సరిపోతుంది? తాడు కట్టుకోవడమే ఉపాయం. సంచిలో పెట్టేటప్పుడు మూతను పావు తిప్పు వదులు చేస్తే చాలా అల్యూమినియం లైట్లు పూర్తిగా ఆగిపోతాయి, తమంతట తాము వెలిగి సంచిని కాల్చవు.

లైటు మీదే బతుకు నడిచేవాళ్లు ఇక్కడ మరికొందరు ఉన్నారు. బైలాడిలా ఇనుపరాయిని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను మీద వానాకాలం రాత్రులు గస్తీ తిరిగే రైల్వే ట్రాక్‌మన్‌లు వాళ్లు. కొండచరియ విరిగిందా, పట్టా కింద మట్టి కొట్టుకుపోయిందా అని చూస్తూ నడుస్తారు. వాళ్ల చేతిలో ఉండేది ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు మూడూ ఇచ్చే లైటు. ఒకప్పుడు కిరసనాయిలు దీపానికి రంగు గాజులు తిప్పి చేసిన పనిని ఇప్పుడు ఎల్‌ఈడీ చేస్తోంది. అక్కడ తెల్ల వెలుగు తనకోసం, ఎర్ర వెలుగు ఎదురొచ్చే బండికోసం. ఎన్ని ల్యూమెన్లని వాళ్లు అడగరు. ఎర్ర స్విచ్చి చీకట్లో వేలికి తెలుస్తుందా అన్నదే వాళ్లకు ముఖ్యం.

దీనికి పూర్తిగా ఎదురు కొస కాంగేర్ లోయలో ఉంది. 1982లో జాతీయవనంగా ప్రకటించిన ఆ అడవిలోని కుటుంసర్ గుహను 1950ల్లో శంకర్ తివారీ పరిశోధించారు. లోపలి నీటిగుంటల్లో తరతరాలు చీకట్లోనే బతికి చూపు, రంగు తగ్గిన చిన్న చేప ఉంటుంది. వానాకాలం మూసి ఉంచే ఆ గుహలోకి గైడు లైటు పట్టుకుని తీసుకెళ్తాడు. అక్కడికి మన గొప్ప లైటు తీసుకెళ్లి చేప మీద కొట్టడం కంటే అనాగరికం మరోటి ఉండదు. వెలుగు ఎరగని ప్రాణికి వెలుగే దెబ్బ. పైగా లైట్లు ఎక్కువసేపు పడిన సున్నపురాయి మీద పాచి పడుతుంది. గుహలో లైటుకు ఉండాల్సిన గొప్ప గుణం బాగా తగ్గగలగడం.

చివరగా పాత లైటును కొత్తది చేసుకోవడం. అటక మీద ఇత్తడి లైటున్నవాళ్లంతా అడిగేది ఇదే. పాత బల్బు గూటిలోనే సరిపోయే ఎల్‌ఈడీ బల్బులు దొరుకుతాయి. కొనేముందు రెండు సంగతులు తెలియాలి. తెల్ల ఎల్‌ఈడీకి దాదాపు 3 వోల్టులు కావాలి. రెండు జింకు సెల్లులు కొత్తగా ఉన్నప్పుడు 3 వోల్టులిచ్చినా వాడేకొద్దీ రెండుకు దిగజారతాయి. కాబట్టి వోల్టేజి పెంచే చిన్న సర్క్యూట్ లోపలున్న బల్బే తీసుకోవాలి. దాని మీద ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని దాకా అని రాసి ఉంటుంది. రెండోది, పాత అద్దపు గిన్నె తీగ బల్బు కోసం చేసింది. తీగ చుట్టూరా వెలుగు చిమ్ముతుంది, గిన్నె దాన్ని పోగుచేస్తుంది. ఎల్‌ఈడీ ముందుకే చూస్తుంది కాబట్టి గిన్నెకు పెద్దగా పనుండదు. పాత సూటి కిరణం రాదు, వెడల్పు వెలుగు వస్తుంది. నడిచేవాడికి అది లాభమే. ఇంకా ముందుకెళ్లి టంకం పట్టగలవాళ్లకు విడి భాగాలు అమ్మే లైట్లున్నాయి. కాన్వాయ్ ఎస్2 ప్లస్ లాంటి 18650 గొట్టానికి ఎల్‌ఈడీ, సర్క్యూట్, అద్దం, స్విచ్చి అన్నీ విడివిడిగా మార్చుకోవచ్చు. తాతల కాలం ఇత్తడి లైటు గుణమే మళ్లీ అల్యూమినియంలో పుట్టినట్టు.

మా ఇంట్లో మూడు సెల్లుల ఇత్తడి లైటుకు అలాంటి బల్బు ఒకటి వేశాను. ముందు స్విచ్చి రేకు మీది పచ్చటి చిలుమును చింతపండుతో తీసి, సన్నటి గరుకు కాగితంతో రుద్దాల్సి వచ్చింది. ఆ చిలుమే సగం వెలుగు మింగేస్తోంది, బల్బు కాదు. కిరణం మునుపటంత దూరం పోదు. సెల్లులు మాత్రం ఒకప్పుడు నెలకు మార్చేవి ఇప్పుడు వానాకాలమంతా వస్తున్నాయి. అవి అయిపోతే ఏ సంతలోనైనా దొరుకుతాయి.